పనిలేని నూటపద్దెనిమిది

భుజంగరావు మాస్టారిని ప్రశ్న అడిగితే నోటితో జవాబు చెప్పరు. చెప్పులు తొడుక్కుని "పద" అంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫిజిక్సు చెప్పిన మనిషి. ఇప్పుడు ఆయనకున్న శిష్యుడు ఒక్కడే, నలభై దాటాక ప్రైవేటుగా ఇంటర్ కడుతున్న దాలయ్య.

ఆ ఉదయం దాలయ్య పరమాణువు బొమ్మ మీద వేలు పెట్టి అడిగాడు.

"ప్రోటాన్‌కి ధనావేశం. చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌కి రుణావేశం. ప్రోటాన్ల మధ్య కూర్చున్న ఈ న్యూట్రాన్‌కి ఏ ఆవేశమూ లేదు. ఏటికండి మరి ఇది? బంగారంలో ప్రోటాన్లు డెబ్బైతొమ్మిదైతే ఇవి నూటపద్దెనిమిది. పనిలేనోళ్లే ఎక్కువ."

అడిగిన తీరులోనే అలసట ఉంది. మేనమామ కొడుకుల సన్నాయి మేళంలో ఇరవై ఏళ్లుగా అతను శ్రుతిపెట్టె వేస్తున్నాడు. బావలిద్దరికీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. వాళ్ల నడుమ కూర్చుని, పాట లేని ఒకే స్వరాన్ని పట్టుకుని, ఇద్దరి దెప్పుళ్లూ వింటూ వచ్చాడు. ఇక చాలనిపించింది. రేపటి నుంచి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరతానని మాటిచ్చేశాడు.

"పద," అన్నారు మాస్టారు.

మేళం సాధకం చేసే ఇంటికే తీసుకెళ్లి, ఎదుటి అరుగు మీద కూర్చోబెట్టారు. "ఇవాళ పెట్టె ముట్టుకోకు."

బావలు కాసేపు అతని కోసం చూసి, డోలాయనతో కలిసి శ్రుతి లేకుండానే మొదలుపెట్టారు. పెద్దవాడు పెంటయ్య ఒక స్వరం మీద నిలిస్తే, చిన్నవాడు అప్పన్న వెంట్రుకవాసి పైన నిలిచాడు.

"డోలాయనా, మీ పెద్దాయన్ని కాస్త ఎక్కమను," అన్నాడు అప్పన్న.

"ఆకాశంలో ఉన్నోడిని ముందు దిగమను," అన్నాడు పెంటయ్య.

డోలు ఆగింది. అప్పన్న సన్నాయి పీక విప్పి సంచిలో వేసుకున్నాడు. ఆదివారం పెళ్లికి వేరే మేళం కడతానని ఆ డోలాయనతోనే చెప్పి లేచాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. ఇరవై ఏళ్లలో వాయించడం కాక అన్నదమ్ములు కలిసి చేసిన మొదటి పని అదే: ఇద్దరూ ఒక్కసారే దాలయ్య వైపు చూశారు.

"నేను లేకుండా మూడు నిమిషాలే నిలిచారు," అన్నాడు దాలయ్య నీరసంగా లేస్తూ. "వెళ్లి కూర్చోమంటారా, మాస్టారూ?"

"కేంద్రకం వదిలి ఒంటరిగా బయటికొచ్చిన న్యూట్రాన్ ఎంతసేపు నిలుస్తుంది?"

"సుమారు పావుగంటండి. తర్వాత విరిగిపోతాది."

"అయితే నీకింకా పన్నెండు నిమిషాలుంది," అన్నారు మాస్టారు పక్కకు జరిగి చోటిస్తూ. "అలిసిపోయావు. ఇక్కడే కూర్చో."