గట్టు కొట్టినదెవరు?

తప్పు చేసి ‘జరిగిపోయింది’ అని నసుగుతావేం? ‘నేను చేశాను’ అనడానికి నోరు రాదూ? అయితే విను.

పూర్వం ఒక జమీందారు కొలువులో పేర్రాజనే దివాను ఉండేవాడు. అతను నేర్చుకున్న ఇంగ్లీషు వ్యాకరణంలో బాగా నచ్చింది కర్మణి వాక్యమే. చేసినవాడి పేరు చెప్పకుండానే మాట పూర్తవుతుంది మరి!

ఒక వానాకాలం తన పొలంలో నీళ్లు నిలిచాయని పేర్రాజు కాలువ గట్టు కొట్టించాడు. ఆ నీళ్లు పడి, పక్క మడిలో సింహాలమ్మ అనే పేదరాలి వరినాట్లు కొట్టుకుపోయాయి. ఆమెకు ఏడాది తిండి అదే. ఏడుస్తూ కొలువుకొచ్చింది.

“ఎవరి పని ఇది?” అన్నాడు జమీందారు.

“గట్టు కొట్టబడినది ప్రభూ. అంతవరకే తెలిసింది,” అన్నాడు పేర్రాజు.

సింహాలమ్మ కళ్లు తుడుచుకుంది. “పోనీలెండి బాబూ. వరద మీ కోటలోకి రాకుండా గట్టు కొట్టిన పుణ్యాత్ముడెవరో తెలిస్తే తమరు శాలువా కప్పరా?”

“ఎందుకు కప్పను!”

పేర్రాజు ఛాతీ విరిచాడు. “నేనే ప్రభూ! దగ్గరుండి కొట్టించాను!”

“దొరికాడు బాబూ, నా నాట్లు ముంచినవాడు!”

జమీందారు పగలబడి నవ్వాడు. “కోట కొండమీదుంది కదయ్యా! వరద ఎలా వస్తుంది?”

ఆయన తీర్పు ప్రకారం పేర్రాజు మోకాటిలోతు బురదలో దిగి ఆమె మడంతా తన చేతులతో మళ్లీ నాటాడు. దారిన పోయేవాళ్లు “ఎవరయ్యా నాటుతున్నది?” అని అడిగినప్పుడల్లా, “నేను, పేర్రాజును, నాటుతున్నాను” అని గట్టిగా చెప్పవలసి వచ్చింది.