ముత్యం తొట్టిలో గొంగళిపురుగులు

అనగనగా ఒక ఊళ్ళో, పెళ్ళి ఊరేగింపులకి గుర్రాల్ని పెంచే గవర్రాజు ఉండేవాడు అమ్మడూ. అతని పెళ్ళాం మంగతాయి. వాళ్ళకి ముత్యం అని ఒక తెల్ల గుర్రం. మల్లెమొగ్గలన్నీ పోగేసి గుర్రాన్ని చేస్తే ఎలా ఉంటుందీ, అలా ఉండేది. అప్పుడది నిండు చూడితో ఉంది.

గుర్రాలశాల ముందు నిద్రగన్నేరు చెట్టు. గులాబీ కుచ్చుల పూలు, చల్లటి నీడ. ఆ నీడలోనే ముత్యం మేతతొట్టి. ఆ ఏడు చెట్టునిండా గొంగళిపురుగులు పట్టాయి. టపటపా తొట్టిలో రాలేవి. వాటి నూగు గుచ్చుకుని ముత్యం మూతి వాచింది. మేత మానేసింది. తల్లి తినకపోతే కడుపులో పిల్ల ఏం కావాలి? మంగతాయికి బెంగ పట్టుకుంది.

"ఆ తొట్టి అవతలకి జరపవయ్యా," అంది.

"నీడ వదిలి ఎండలో మేపమంటావా? దానికి దిష్టి తగిలిందే," అన్నాడు గవర్రాజు. గుమ్మడికాయ దిష్టి తీసి చెట్టు మొదట్లో కొట్టాడు. పురుగులు పోలేదు సరికదా, ఈగలు కూడా వచ్చాయి.

ఆ తర్వాత వేపాకు పొగ వేశాడు. ముత్యం దగ్గింది. గొంగళ్ళన్నీ ఒక్కసారే తొట్టిలో పడ్డాయి.

"భేషుగ్గా ఉంది! ఉలవలకి తాలింపు వేశావు," అంది మంగతాయి.

ఆ తర్వాత పురుగులమందు తెచ్చి చెట్టెక్కాడు. కింద మేతా, నీళ్ళూ అలాగే ఉన్నాయి! అప్పుడు తెగింది అమ్మడూ, మంగతాయి ఓపిక. కొంగు బిగించి డబ్బా లాక్కుంది.

"పురుగుల కంటే ముందు గుర్రం చస్తుంది! దిగు కిందికి! మూడంటే మూడు రోజులు నోరు మూసుకుని నేను చెప్పింది చెయ్యి!"

గవర్రాజు దిగాడు. గుర్రాన్నీ తొట్టినీ శాల లోపలికి మార్చారు. ఎండెక్కితే పురుగులు కిందికి దిగి చాటు వెతుక్కోవడం మంగతాయి కనిపెట్టింది. అందుకని చెట్టు మానుకి గోనెసంచి చుట్టి తాడు కట్టింది. మధ్యాహ్నానికి దాని మడతలనిండా పురుగులే. కర్రతో సబ్బునీళ్ళ బకెట్లోకి దులిపేసింది. మొదటిరోజు మూడు బకెట్లు, రెండోరోజు ఒకటి, మూడోరోజు గుప్పెడు.

ముత్యం మూతి వాపు తీసింది. ఉలవలు పరపరా నమిలింది. పది రోజులకి ఈనింది. తెల్ల తల్లికి నల్లటి పిల్ల! తూలుతూ తూలుతూ లేచి నిలబడింది.

గవర్రాజు పిల్లని ఎత్తుకుని బయట చెట్టు నీడకేసి రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి తిరిగాడు.

"ఏమే, దీన్ని ఎక్కడ ఉంచమంటావ్?"

కాపురానికొచ్చిన పన్నెండేళ్ళకి, మంగతాయిని ఒక మాట అడగడం అదే మొదలు.

కథేమో కంచికి,
పిల్లేమో పాలకి,
కునుకేమో మన కంటికి!