దిగివచ్చిన నక్షత్రం

అనగనగా, అలల హోరు వినిపించకపోతే నిద్రపట్టని జాలరుల పల్లె ఒకటి ఉండేది. పొద్దుగూకగానే అక్కడ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక్క దీపం పెట్టేవారు. వేటకెళ్లిన పడవలు ఆ దీపానికి సూటిగా వస్తే క్షేమంగా ఏట్లోకి చేరేవి. పక్కకు తప్పితే రాళ్ల మీదికే.

ఒక ఏడు క్రిస్మస్‌కు ఊరివాళ్లకు హుషారు ఎక్కువైంది. ప్రార్థన గుడి ముందు కొబ్బరిచెట్టంత వాసం నాటి, దాని కొసన పెద్ద కాగితపు నక్షత్రం కట్టారు. మరి అందులోకి దీపం? మొగ దగ్గరిదాన్నే పట్టుకొచ్చి పెట్టారు! పండగపూట వేటకెవడు వెళతాడులే అనుకున్నారు.

సీలయ్య వెళ్లాడు. విందుకు చేపలు తెస్తానని వెళ్లినవాడు చీకటి పడినా రాలేదు. గాలి లేచింది. అతని భార్య సలోమికి కాలు నిలవలేదు. గుడి సరిగ్గా రాళ్లకు ఎదురుగా ఉంది మరి!

సంఘపెద్ద తీతయ్య దగ్గరికి పరుగెత్తింది. "బాబాయ్, నక్షత్రం దించండి. మొగ దీపమనుకుని మా ఆయన రాళ్ల మీదికి వచ్చేస్తాడు!"

"పండగపూట నక్షత్రం దించుతారటే? ప్రార్థన చేసుకో, వస్తాడు."

నూనె వర్తకుణ్ణి అడిగింది. "నూనె పోసింది నేను. పక్క ఊరివాళ్లు చూసి కుళ్లుకోవద్దూ?" అన్నాడు.

పాటలు పాడేవాళ్లను బతిమాలింది. "ఈ ఒక్క పాట అవనీ వదినా" అన్నారు. ఆ పాటకేమో చరణాలు తెమలవు!

ఇక సలోమి ఆగలేదు. కొంగు బిగించి, వాసానికి కట్టిన నక్షత్రం తాడు విప్పింది. నక్షత్రం జరజరా దిగింది. దాన్ని ఎత్తుకుని మొగ వైపు పరుగు తీసింది. ఊరంతా అరుస్తూ వెంటపడింది.

ఆమె నడుంలోతు నీళ్లలో నిలబడి నక్షత్రాన్ని నెత్తిమీదికి ఎత్తింది. అప్పుడే రాళ్ల దగ్గర్నుంచి సీలయ్య కేక వినిపించింది. తిట్టబోయిన తీతయ్య ఆ కేక విని ముందుకు ఉరికాడు. తానూ నీళ్లలోకి దిగి, ఆమె చేతులకు తన చేతులు ఆనించాడు. పడవ మెల్లగా ఇటు మళ్లింది.

సీలయ్య తడిసి ముద్దై ఒడ్డెక్కాడు. "పైనున్న వెలుగు ఉన్నట్టుండి దిగి నడిచొచ్చిందేంటే? దాని వెంటే వచ్చేశాను."

తీతయ్య కళ్లు తుడుచుకున్నాడు. "దారి చూపాల్సిన నక్షత్రాన్ని మనం వాసానికి కట్టేశాంరా" అన్నాడు. ఆ ఏడాది నుంచి ఆ ఊరి క్రిస్మస్ నక్షత్రం మొగ దగ్గరే వెలిగింది.

పిల్లలూ, దేవుడి వెలుగు చీకట్లో ఉన్నవాడి కోసం పైనుంచి దిగివచ్చింది. మన వెలుగూ అలా దిగినప్పుడే క్రిస్మస్.