బూడిదోడి పంటిగాటు

శనక్కాయ పీకేసిన చేలో ఓబులేసు మంద దిగింది. మూడొందల గొర్రెలు, చిన్నపిల్లలకు తడికలు కట్టిన దొడ్డి, కాపలాకు నాలుగు కుక్కలు. మంద ఎవరి చేలో ఆగితే ఆ రైతు కాపర్లకు ఒకపూట మాంసం వండి పెట్టడం ఆ పక్క ఆనవాయితీ. గొర్రె పెంటతో చేనుకు సత్తువ వస్తుంది, కాపర్లకు కడుపు నిండుతుంది, కుక్కలకు ఎముకలు దొరుకుతాయి. అందరికీ లాభమే, ఒక్క కోసిన పొట్టేలుకు తప్ప.

కుక్కల్లో పెద్దవాడు బూడిదోడు. పన్నెండేళ్లు మంద వెంట తిరిగినవాడు. ఆ మందలో ఒక కట్టుబాటు ఉంది. ఏ ఎముకైనా ముందు బూడిదోడి దగ్గరికి రావాలి. పొట్టేలును కోసినప్పుడు పారేసిన పచ్చి ఎముకలు, తిన్నాక విసిరిన ఉడికిన ఎముకలు ఒకే కుప్పలో పడతాయి. కూర పులుసు అన్నిటికీ అంటుకుని అన్నీ ఒకే వాసన కొడతాయి. బూడిదోడు దవడపంటి కింద పెట్టి మెల్లగా నొక్కుతాడు. పచ్చిదైతే పన్ను కాస్త దిగుతుంది, గాటు పడుతుంది. ఉడికిందైతే పెళుసుగా చిట్లుతుంది. చిట్లినదాన్ని అక్కడే గొయ్యి తీసి పూడ్చేస్తాడు. గాటు పడినదాన్ని మూతితో ముందుకు తోస్తాడు.

"ఉడికిన బొక్క సూదుల మాదిరి పగుల్తాది. ఒక్క పెచ్చు గొంతులో అడ్డం పడిందంటే మంత్రగాడు కూడా ఏం చేయలేడు," అని కుర్రకుక్కలకు చెప్పేవాడు. "పచ్చిదైనా సరే, నోట్లో పట్టనంత పెద్దది ఉండల్ల. గీక్కోని తినల్ల, మింగగూడదు."

తాత గాటు ఉందంటే ఇక ఎవరూ రెండోసారి వాసన కూడా చూసేవారు కాదు. ఆ గౌరవమంటే బూడిదోడికి ప్రాణం.

పోయిన వానాకాలం ఆ ప్రాణానికే ముప్పు వచ్చింది. ఎద్దు కాలి ఎముక ఒకటి దొరికితే, నా పళ్లకు ఇదొక లెక్కా అని బిగబట్టి కొరికాడు. దవడపన్ను నిలువునా చీలింది. కుర్రకుక్కలందరికీ బుద్ధులు చెప్పినవాడు తానే అంత గట్టి ఎముకకు ఆశపడ్డాడు. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోలేదు. ఒకవైపే నమలడం, నొప్పి ఎక్కువైనప్పుడు వాగుకు పోయి చల్లటి నీళ్లలో మూతి ముంచుకోవడం.

అక్కడే నక్క చూసింది.

"ఏం మామా, నీళ్లు తాగకుండా ఊరికే నోరు తడుపుకుంటాండావు?"

"ఎండ."

"మబ్బు పట్టిందే?" నక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "పన్ను పోయింది గదా. నాతో దాయాల్నా? నేనేం మీ మందదాన్ని కాను, ఎవురికీ చెప్పను. నా పళ్లు నిక్షేపంగా ఉండాయి. మంద యాడ దిగినా వస్తా, పొద చాటున నేను కొరికి చూసి పచ్చివాటికి గాట్లు పెట్టి ఇస్తా. నువ్వు తీసుకపోయి వాళ్ల ముందర వెయ్యి. నాకు ఒక్క బొక్క పడేస్తే చాలు."

ఇది తప్పని బూడిదోడికి తెలుసు. కానీ కుర్రవాళ్లు, ఇక నువ్వు పక్కన పండుకో తాతా అంటారేమోనన్న భయం ఆ తెలివి కంటే పెద్దదైంది. సరేనన్నాడు.

నాలుగు నెలలు నక్క మాట తప్పలేదు. ఒక్క ఎముక కూడా తేడా రాలేదు. తాత పన్నంటే పన్నేనబ్బా అని కుర్రకుక్కలు పొగిడినప్పుడల్లా బూడిదోడు చెవులు వాల్చుకుని పక్కకు చూసేవాడు. సిగ్గుగానే ఉండేది. అయితే సిగ్గు పడటం వేరు, మానుకోవడం వేరు.

ఆ రోజు మధ్యాహ్నం రైతు ఇంట్లోంచి కూర దబరలు వచ్చాయి. కాపర్లు తిని చింతచెట్టు కింద నడుం వాల్చారు. గొర్రెలు చేలో పడి మేస్తున్నాయి, పిల్లలు దొడ్డిలో ఉన్నాయి. బూడిదోడు ఎముకలు ఒక్కొక్కటే చేను పక్కనున్న నాగజెముడు పొద చాటుకు చేర్చాడు. నక్క వాటి మీద పంటిమొనతో పైపైన చకచకా గాట్లు పెట్టి అవతల పెడుతోంది. ఒక్కటి కూడా పూడ్చమని ఇవ్వలేదు.

బూడిదోడు ఆ కుప్పను మూతితో కదిలించి చూశాడు. "అన్నీ పచ్చియేనా?"

"అన్నీ పచ్చియే."

"అదెట్లబ్బా? అంత కూర తిన్న్యారు గదా."

నక్క నవ్వలేదు, కోప్పడలేదు. ఒక ఎముకను వాడి కాళ్ల ముందుకు తోసింది. "నమ్మకం లేకపోతే నువ్వే కొరికి చూడు మామా."

బూడిదోడు ఆ ఎముకనూ చూశాడు, నక్క మొహాన్నీ చూశాడు. తల వంచుకుని ఎముకలన్నీ తీసుకుపోయి కుర్రకుక్కలు తినే చోట వేశాడు.

వాసన తగలగానే దొడ్డి గుమ్మం దగ్గర కాపలా ఉన్న కంచు అనే కుక్క వచ్చేసింది. గట్టు మీదున్న మచ్చోడు వచ్చేశాడు. అందరికంటే ముందు గవ్వ వచ్చింది. అది బూడిదోడి మనవరాలు, ఇంకా ఏడాది నిండలేదు. తాత గాటు చూసుకుని పటుక్కున కొరికింది.

ఎముక చిట్లిన చప్పుడు బూడిదోడికి తెలుసు. పన్నెండేళ్లుగా తన పంటి కింద విన్నదే.

గవ్వ ఒకసారి దగ్గింది. మరోసారి దగ్గబోతే గాలి రాలేదు. ముందుకాళ్లతో మూతి గీరుకుంటూ గిరగిరా తిరిగి పడిపోయింది. మచ్చోడు ఎముక వదిలేసి వెనక్కి జరిగాడు. కంచు మాత్రం తలెత్తలేదు.

"దానికి తినడం రాక అట్లయింది. తాత గాటు ఉండాదిలే, బొక్క మంచిదే," అంటూ కొరుకుతూనే ఉంది.

ఆ మాట విని మచ్చోడు మళ్లీ ఎముక అందుకున్నాడు.

చెప్పాలి. ఒక్క మాట చెబితే చాలు. బూడిదోడు నోరు తెరిచాడు. అందరూ తనను ఎట్లా చూస్తారో కళ్ల ముందు కనబడింది. నోరు మూసుకున్నాడు. ఎంతసేపు? రెండు మూడు ఊపిర్లు పీల్చినంత సేపే. ఆ లోపలే మచ్చోడి చిగుట్లో పెచ్చు దిగి, మూతి నుంచి నెత్తురు కారింది.

"ఉమ్మేయండి," అన్నాడు బూడిదోడు. గొంతు వాడిది వాడికే వినపడలేదు. మళ్లీ అన్నాడు, "ఉమ్మేయండి. అవి ఉడికిన బొక్కలు. ఆ గాటు నాది కాదు. నాకు పన్ను లేదు. నాలుగు నెలలాయె. ఆ గాట్లు పెడతాండేది నక్క."

కంచు నోట్లోని ఎముక కింద పడింది.

తర్వాత కంచు మొరిగిన మొరుగుకు చెట్టు కింద ఓబులేసు ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొచ్చాడు. గవ్వ దవడలు విప్పి, రెండు వేళ్లు గొంతులోకి పెట్టి, నెత్తుటి పెచ్చు ఒకటి బయటికి లాగాడు. గవ్వ ఒళ్లంతా అదిరేలా ఊపిరి పీల్చింది.

అప్పుడు వినిపించింది దొడ్డి వైపు నుంచి ఒక గొర్రె అరుపు. తడిక ఒకటి పక్కకు ఒరిగి ఉంది. పొద చాటున నక్క లేదు. కంచు గుట్ట దాకా ఉరికి, ఉత్తనోటితో తిరిగొచ్చింది. పుట్టి పది రోజులైన గొర్రెపిల్ల పోయింది.

సాయంత్రానికి గవ్వ లేచి కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. బూడిదోడు దూరంగా, గాలికి అడ్డం లేని చోట పడుకుని ఉంటే అదే మెల్లగా దగ్గరికొచ్చింది.

"పన్ను పోయిందని చెప్పింటే ఏమయ్యేది తాతా? ఎట్ల నొక్కి చూడాల్నో మాకు నేర్పించింటే మేమే చూసుకునేవాళ్లం. నువ్వు కూర్చోని చెప్తాంటే చాలు గదా."

నాలుగు నెలల్లో ఇంత చిన్న ఉపాయం బూడిదోడికి ఒక్కసారీ తట్టలేదు. తన పెద్దరికం గురించి తప్ప వేరే ఆలోచన చేసింటే గదా తట్టడానికి.

పిల్లను పోగొట్టుకున్న తల్లిగొర్రె కూడా వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కోరుకున్నాడు.

"నువ్వుండావని పిల్లను ఇడిసిపెట్టి మేతకు పోయినా," అంది గొర్రె.

"నీ పిల్లను నక్క ఎత్తుకపోలేదమ్మా," అన్నాడు బూడిదోడు నేల చూస్తూ. "నేనే ఇచ్చినా. నా సిగ్గు దాచిపెట్టినందుకు దానికి ఇచ్చినా."

తల్లిగొర్రె వెనక్కి తిరిగింది. పాలు నిండిన పొదుగుతో అడుగులో అడుగేసుకుంటూ మందలోకి వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యే దాకా బూడిదోడు తల ఎత్తలేకపోయాడు.

నీతి: తన లోపాన్ని తనవాళ్లకు చెప్పుకోలేని పెద్ద, ఆ లోపం తెలిసిన పగవాడికి వాళ్లందరినీ అప్పగిస్తాడు.