మూడు మలుపుల తవిటయ్య

అనగనగా ఒక కొండ. ఆ కొండ మీదుగా ఒకే ఒక్క దారి. ఆ దారికి ఇంకా పిట్టగోడలు కట్టని కాలంలో, కొండకు ఇవతలి ఊళ్ళో తవిటయ్య అనే డ్రైవరుండేవాడు. ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని, వీడినైనా దక్కించుకోవాలని తల్లి వాణ్ణి తవుడుకు అమ్మి మళ్ళీ కొనుక్కుంది. అందుకని తవిటయ్య. మనిషి కూడా ఆ పేరుకు తగ్గట్టే ఎవరి కంటికీ ఆనేవాడు కాదు.

తవిటయ్య చిన్నప్పుడు ఎడ్లబండి తోలాడు. బండి షావుకారుది. కాస్త ఎదిగాక లారీకి క్లీనరయ్యాడు. లారీ షావుకారుది. మీసాలొచ్చాక డ్రైవరయ్యాడు. అప్పుడూ లారీ షావుకారుదే. టైరు పేలినా, బ్రేకు పోయినా, గేదె అడ్డొచ్చినా "నాదేటి పోయింది, ఓనరు సూసుకుంటాడు" అనేవాడు. ఆ దారిన తిరిగే డ్రైవర్లందరిదీ అదే మాట.

ఆ షావుకారు పేరు కోటిలింగం. అనాసపళ్ళ వ్యాపారం. ఆయన షెడ్డు వెనక ఒక పాత లారీ పడుండేది. దాని సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. ఏళ్ళ తరబడి పనిచేసిన తవిటయ్య జీతానికి బదులు అది ఇమ్మని అడిగితే, షావుకారు పొట్ట పట్టుకుని నవ్వి ఇచ్చేశాడు. తవిటయ్య మొదటి వానాకాలం ఇంజను విప్పాడు. రెండో వానాకాలం బిగించాడు. మూడో వానాకాలానికి లారీ దగ్గి, తుమ్మి, కదిలింది. కోళ్ళు మాత్రం చాలాకాలం అలిగాయి.

"సరే, నీ పోటుతనం సూద్దాం," అన్నాడు కోటిలింగం. "కొండవతల మార్కెట్లో దీపాలు పెట్టకముందే ఈ పళ్ళు దించు. దించేవా, ఈ కాపంతా నీ లారీకే. దించలేకపోయావా, మళ్ళీ వచ్చి నా లారీ తోలు."

తవిటయ్య ఒప్పుకుని పళ్ళు ఎక్కించాడు. జీవితంలో మొదటిసారి సొంత బండి, సొంత లోడు. క్లీనరును పెట్టుకునే స్తోమత లేదు. భార్య పారమ్మే కొంగు బిగించి పక్కన ఎక్కింది.

ఎక్కుడు దారిలో ముసలి లారీ మూడు మలుపుల దగ్గర మూడుసార్లు పొగలు కక్కింది. ఆగినప్పుడల్లా పారమ్మ దూకి, వెనక్కి జారకుండా చక్రం కింద ఒక రాయి పెట్టేది. ఇంజను చల్లారాక లారీ కదిలేది. కదిలిన లారీని ఎక్కుడులో మళ్ళీ ఆపకూడదు కదా. అందుకని రాయిని అక్కడే వదిలేసి, పరిగెత్తి ఎక్కేసేది. అందరూ చేసేది అదే. మొదటి మలుపులో ఒక రాయి, రెండో మలుపులో ఒక రాయి, మూడో మలుపులో ఒక రాయి అలా ఉండిపోయాయి.

కొండ కొమ్ము దాటి అవతలికి దిగడం మొదలుపెట్టారు. పొద్దు ఇంకా ఉంది. తవిటయ్యకు హుషారొచ్చి ఈల కూడా వేశాడు. అప్పుడు ఎదురుగా బస్సు వచ్చింది. సంత నుంచి తిరిగొస్తున్న జనంతో కిక్కిరిసి ఉంది. తవిటయ్య లారీని కొండవైపు ఒత్తి దారిచ్చాడు. బస్సు డ్రైవరు సూరిబాబు చెయ్యెత్తి పలకరించాడు. ఒక తల్లి ఒళ్ళోంచి చంటిది తవిటయ్యను చూసి బోసినోటితో నవ్వింది. బస్సు పైకి వెళ్ళిపోయింది.

తవిటయ్య మాత్రం లారీ కదపలేదు.

"ఎల్లు మావా," అంది పారమ్మ. "మబ్బు కమ్ముకొస్తంది."

"పారమ్మా, ఆ రాళ్ళు అక్కడే ఉన్నాయి కదే. దిగేటప్పుడు బస్సు వాటిమీదికి ఎక్కిందా, లోయలోకే."

"ఉంటే? దారంతా రాళ్ళే. అవన్నీ మనయ్యా ఏటి?"

"ఆ మూడూ మనయ్యే. ఇన్నాళ్ళూ ఓనరు సూసుకుంటాడన్నాను. ఇయేల ఓనర్ని నానే."

పారమ్మ వెనక పళ్ళ వైపు చూసింది. పొద్దు వైపు చూసింది. "మరి లోడో?" అంది.

తవిటయ్య దారి వైపు చూశాడు. ఆ ఇరుకు దారిలో లారీని తిప్పలేడు. దిగి పరిగెత్తాడు.

కట్టెలు మోసేవాళ్ళ కాలిబాట ఒకటి మలుపులకు అడ్డంగా ఉంది. అతను కొమ్ముకు చేరేసరికి బస్సు అక్కడ ఆగి ఉండాలి. ఇంజనుకు నీళ్ళు పోయడానికి ప్రతి బండీ అక్కడ ఆగేది. ఆ రోజు వానకు భయపడి సూరిబాబు ఆగలేదు. బస్సు దారిన దిగుతోంది. తవిటయ్య అడ్డంగా దిగాడు.

కొమ్ముకు దగ్గరిది మూడో మలుపు. రాయి నడిదారిలో కూర్చునుంది. తవిటయ్య దాన్ని లోయలోకి దొర్లించి, చేతులు చాచి, కింద ఇంకా రాళ్ళున్నాయని అరుస్తూ బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. ఇంజను మోతలో ఆ అరుపు కలిసిపోయింది.

"కాళీ నేదు, ఎనక బస్సుకి రా," అని అరిచి, మబ్బు మసకలో మనిషిని పోల్చుకోని సూరిబాబు పక్కనుంచి బస్సు పోనిచ్చేశాడు.

వాన మొదలైంది. బస్సు దారిన దిగుతోంది. తవిటయ్య అడ్డంగా దిగాడు. ముళ్ళు గీరాయి, చెప్పు తెగింది. రెండో మలుపులో రాయి దొరికింది. తోశాడు. మళ్ళీ చేతులు చాచాడు.

"నీకేటి పిచ్చా? కాళీ నేదని సెప్పాను కదా," అని సూరిబాబు తిట్టి వెళ్ళిపోయాడు.

వాన జోరెక్కింది. బస్సు దారిన దిగుతోంది. తవిటయ్య అడ్డంగా జారాడు, పడ్డాడు, లేచాడు. మొదటి మలుపులో రాయి కదల్లేదు. లారీ బరువుకు మట్టిలో దిగబడిపోయింది. చేతులతో తోశాడు, కదల్లేదు. భుజం పెట్టాడు, కదల్లేదు. పైన హారను వినబడింది. ఇక ఆపాలని చూసి లాభం లేదని అతనికి తెలుసు. తడి దారిలో, ఆ వాలులో బ్రేకు వేస్తే బస్సే లోయలోకి జారుతుంది. వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళూ రాయికి తన్నిపెట్టాడు. ఒంట్లో బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని తోశాడు. రాయి లేచి, అతని పాదాన్ని నలిపి, దొర్లి లోయలో పడింది. తవిటయ్య కొండవైపు కాలవలోకి దొర్లాడు. బస్సు అతని తల పక్కనుంచి వెళ్ళింది.

లోపల ఎవరో పాట పాడుతున్నారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. తవిటయ్య వానలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నొప్పికి కాదు. వాళ్ళంతా బతికి ఉన్నారని ఏడ్చాడు.

కుంటుకుంటూ లారీ దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. మార్కెట్టు కట్టేశారు. తెల్లారేసరికి సగం పళ్ళు పులిసిపోయాయి.

"రాళ్ళు తియ్యడానికెళ్ళావా?" అని కోటిలింగం ఊరంతా వినబడేలా నవ్వాడు. "రేపొచ్చి నా లారీ ఎక్కు."

"అదొక్కటీ అడక్కండి బాబూ," అన్నాడు తవిటయ్య.

అనాసపళ్ళు మళ్ళీ అతని లారీ ఎక్కలేదు. ఉప్పు తోలాడు, ఇటుకలు తోలాడు, పెంట కూడా తోలాడు. రాయికి బదులు చక్రం కింద పెట్టడానికి ఒక చెక్కమొద్దుకు తాడు కట్టి లారీకి తగిలించాడు. బండి కదిలితే మొద్దు వెంటే వచ్చేది. పరాయి రాయి కనబడినా ఆగేవాడు, దిగేవాడు, తోసేవాడు. జనం రాళ్ళ తవిటయ్య అని వెక్కిరించారు. అతను పట్టించుకోలేదు. ముసలివాడై ఒక ఎండాకాలం మంచంలోనే పోయాడు. నలుగురు మోశారు, నలుగురూ మరిచిపోయారు.

వానలు పడ్డాయి. మొదటి వానకు రాయి తగిలి ఒక లారీ టైరు పేలింది. రెండో వానకు బండి బోల్తాపడి ఎద్దు కాలు విరిగింది. మూడో వానకు సూరిబాబు బస్సు రాయెక్కి, ముందు చక్రం లోయ మీదికి వెళ్ళి ఆగింది. జనం ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరే వెనకనుంచి దిగారు. తల నెరిసిన సూరిబాబు అందరికన్నా ఆఖరున దిగాడు. రాయిని చూశాడు. మలుపును చూశాడు. ఒకనాటి వాన, చేతులు చాచిన మనిషి, రాళ్ళ తవిటయ్య అనే పేరు గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాడు.

తర్వాత పారమ్మను వెతుక్కుంటూ వెళ్ళాడు.

"అమ్మా, ఆ దినం నా బస్సుకి అడ్డొచ్చినోడు నీ పెనిమిటేనా?"

"ఆయనే బాబూ."

"మరి నాతో ఎప్పుడూ సెప్పలేదేటి?"

"నానూ అడిగాను. మన రాళ్ళు మనం తీసుకున్నాం, అందులో సెప్పడానికేటుంది అన్నాడు."

సూరిబాబు ఆమె కాళ్ళకు మొక్కాడు. తర్వాత టీ బడ్డీ టీ బడ్డీకీ తిరిగి, డ్రైవరు డ్రైవరుకీ చెప్పాడు.

ఇప్పుడు ఆ దారికి పిట్టగోడలున్నాయి, ఎదురొచ్చే బండి కనబడేలా మలుపుల్లో అద్దాలున్నాయి. అయినా ఆ కొండ కింద ఎవరు సొంత లారీ కొనుక్కున్నా మొదటి ట్రిప్పుకు లోడెత్తరు. ఖాళీ లారీతో కొండెక్కుతారు. ఆ మూడు మలుపుల్లోనూ ఆగి, దారంతా వెతికి, కనబడిన ప్రతి రాయీ తీసి పక్కన పెడతారు. దిగి వచ్చేదాకా లారీ కొన్నవాణ్ణి అందరూ డ్రైవరనే పిలుస్తారు. దిగి వచ్చాక, చేతులకు మట్టి ఉందో లేదో చూసి, అప్పుడు ఓనరుగారూ అంటారు.