ఒకే బరువు, రెండు మంచాలు

అడిగిన ప్రశ్నకు అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు కామేశం మాస్టారికి లేదు. పలాసలో ఆయన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునే వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. అయినా ఢిల్లేశ్వరి ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, నా ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోంది కదండీ. ఏ బటన్ నొక్కినా పలుకుతోంది. దాన్ని మళ్ళీ క్లాసులుగా విడదీసి రాయమంటారేంటి?"

ఆ ప్రోగ్రాం ఒక డయాలసిస్ కేంద్రం కోసం. రోగి ఉండాల్సిన బరువూ, ఆ పూట ఉన్న బరువూ కొడితే ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో తెర మీద చూపిస్తుంది. ఢిల్లేశ్వరి తండ్రి కిడ్నీ జబ్బుతోనే పోయాడు. అందుకే ఆ పని నాకివ్వండని అడిగి మరీ తీసుకుంది. నిద్ర మానుకుని, మొదటి నుంచి చివరి దాకా ఒకే ఫైల్లో ఏకబిగిన రాసుకుపోయింది.

మాస్టారు వాదించలేదు. "రేపు డయాలసిస్ వార్డుకి వెళ్దాం, లాప్‌టాప్ తెచ్చుకో" అన్నారంతే.

వార్డులో సిస్టరు తన లెక్క తాను వేసుకుని మిషన్లు సరిచేస్తోంది. ప్రోగ్రాం ఇంకా పరీక్షలోనే ఉంది. గున్నయ్య అనే ముసలాయన మంచం పక్కన మాస్టారు ఢిల్లేశ్వరిని కూర్చోబెట్టారు. ఆమె ఆయన పేరుతో విండో తెరిచి బరువులు కొట్టింది. ఇంతలో పక్క మంచం మీదికి తవిటమ్మ వచ్చింది. మొహం, కాళ్ళు బాగా ఉబ్బి ఉన్నాయి. "ఆవిడది కూడా తెరువు" అన్నారు మాస్టారు. తెరిచింది. ఆమె బరువులూ కొట్టింది.

గున్నయ్య తల తిప్పి చూశాడు. "ఈయాల నాకెంత నీరు తీస్తారమ్మా? ఓపాలి వేరే ఊర్లో ఎక్కువ తీసేస్తే కళ్ళు తిరిగి పడిపోనాను. మా ఆడోళ్ళు సచ్చిపోనాననుకున్నారు."

"ఇప్పుడే చెప్తాను తాతా" అంటూ ఆయన విండోలో బటన్ నొక్కింది. నాలుగు లీటర్లని వచ్చింది. చెప్పబోయి ఆగిపోయింది. ఆ ఎముకల గూడులో అంత నీరెక్కడిది? తవిటమ్మ విండోలో నొక్కి చూస్తే అక్కడా అదే అంకె. ఫైలు మొదట్లో బరువు కోసం తను పెట్టింది ఒకే ఒక్క గడి. ఎవరి విండో తెరిచినా అందులోనే పోస్తూ వచ్చింది. చివర కొట్టినవాళ్ళది ముందువాళ్ళ దాన్ని మింగేసింది.

ఆమెకి తండ్రి గుర్తొచ్చాడు. సిస్టరు వేసిన లెక్క అడిగి, ఆ మాటే గున్నయ్యకి చెప్పి, లాప్‌టాప్ మూసేసింది. వరండాలోకి వచ్చాక మాస్టారు మెల్లగా అన్నారు.

"ఆయన 'నాకెంత' అని అడిగాడు. నీ కోడ్‌లో 'నాకు' అనగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఢిల్లేశ్వరి ఇంటికెళ్ళి ఆ ఫైలంతా పక్కన పడేసి కొత్తగా మొదలుపెట్టింది. రోగి విండో ఎలా ఉండాలో ఒక్కచోట, అచ్చులాంటి ఒక క్లాసుగా రాసింది. ఆ అచ్చులోంచి తెరిచిన ప్రతి విండోకీ తన పేరు, తన బరువు, తన బటన్. ఒకదాని లెక్క ఇంకొకదానికి అందదు.

మళ్ళీ వార్డుకి వెళ్ళినప్పుడు మంచాలన్నీ నిండి ఉన్నాయి. ఆమె అందరి పేర్లతోనూ తెరిచింది. ముందువెనకలు మార్చి నొక్కి చూసింది. ప్రతి అంకెనూ సిస్టరు లెక్కతో సరిపోల్చుకుంది. ఎక్కడా తేడా రాలేదు. గుండెల మీది బరువు దిగినట్టయింది.

"ఇప్పుడు ఎన్ని విండోలు తెరిచినా కలిసిపోవు మాస్టారూ" అంది.

మాస్టారు తెర వైపు చూడలేదు. మంచాల మీద ఉన్న మనుషుల్ని వరసగా చివరిదాకా చూసి,

"ఇంకా విండోలనే అంటున్నావమ్మా" అన్నారు.