ఉడుము ఓబులమ్మ పట్టు

అనగనగా, రాళ్ళు పగిలేలా ఎండ కాసే ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఒక పెద్దబడి. ఆ బడికి పెద్ద, అడవిదున్న కోదండయ్య. అక్కడ ఆడపిల్లలకి బంతాట నేర్పే పంతులమ్మ, ఉడుము ఓబులమ్మ.

బంతాట అంటే ఏమిటో ముందు చెప్తాను, వినండి. ఒకరు వెలగకాయంత బంతిని నడుము కిందనుంచి చెయ్యి తిప్పి విసరాలి. ఎదుటి జట్టులో ఒకరు దాన్ని కర్రతో కొట్టాలి. కొట్టి, చుట్టూ పాతిన నాలుగు రాళ్ళనీ తాకుతూ పరుగెత్తి రావాలి. అలా చుట్టొస్తే ఒక పరుగు, మధ్యలో ఏ రాయి దగ్గరైనా ఆగి కాచుకోవచ్చు. వాళ్ళకంటే ముందు బంతి రాయి దగ్గరికి వచ్చిందా, ఔట్! మూడు బంతులు కొట్టలేకపోయినా ఔటే!

ఓబులమ్మ వచ్చిన కొత్తలో ఆడపిల్లలకి మైదానమే లేదు.

"ఆడపిల్లలకి పరుగులు ఎందుకమ్మా?" అన్నాడు కోదండయ్య. కంప చెట్లు మొలిచిన బీడు ఒకటి చూపించి, "కావాలంటే అక్కడ ఆడుకోండి" అన్నాడు.

ఓబులమ్మ ఆ బీడులోకే దిగింది. పిల్లల్ని వెంటబెట్టుకుని నెలరోజులు కంప కొట్టింది. మొదటి ఏడాది ప్రతి ఆటా ఓడిపోయారు. రెండో ఏడాది సగం గెలిచారు. మూడో ఏడాది అడవులన్నిటి పోటీలో గెలిచి కప్పు తెచ్చారు. అలా పన్నెండేళ్ళలో తొమ్మిది కప్పులు! దండలు మాత్రం కోదండయ్య మెడలోనే పడేవి. ఓబులమ్మ పట్టించుకునేది కాదు. ఆమెకి ఎప్పుడూ ఒకటే గోల. "రాయి కేసి చూడకే, బంతి కేసి చూడు!"

పదమూడో ఏడాది ఒక పొద్దున, దుమ్ములగొండి పిల్ల ఒకతి మైదానం అంచున వచ్చి నిలబడింది. దాని పేరు మారెక్క. చచ్చిన జంతువుల్ని తినే జాతి అని, దుమ్ములగొండ్లని ఆ అడవిలో ఎవరూ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు.

"అత్తా, నేనూ ఒకసారి విసరనా?" అంది మారెక్క భయంభయంగా.

"విసురు, చూద్దాం" అంది ఓబులమ్మ.

మారెక్క వడిసెల తిప్పినట్టు చెయ్యి గిర్రున తిప్పి బంతి వదిలింది. కర్ర పట్టుకున్న కుందేలు చెంగి ఇంకా కళ్ళు ఆర్పుతూనే ఉంది. బంతి పోయి వెనకనున్న పుట్టని గుద్దుకుంది, పుట్ట సగం కూలింది.

"రేపు పొద్దెక్కకుండా రా" అంది ఓబులమ్మ.

ఇక చూడండి, గొడవ మొదలైంది. మొదట నీళ్ళ దగ్గర. "ఆ పిల్లకి వేరే కుండ పెట్టించు" అని కోదండయ్య కబురు పంపాడు. ఓబులమ్మ అందరి ముందూ, మారెక్క తాగిన ముంతతోనే నీళ్ళు ముంచుకుని గడగడా తాగింది. "నేను బాగానే ఉన్నానని చెప్పండి మీ అయ్యగారికి" అంది.

తర్వాత దుప్పి తల్లులు వచ్చారు. "అది పట్టుకున్న బంతి మా పిల్లలు పట్టుకోరు!"

"అది తినకపోతే ఆ కుళ్ళంతా మీ ఇళ్ళ ముందే కంపు కొడుతుంది కదమ్మా. ఆ మేలు మాత్రం కావాలా మీకు?" అంది ఓబులమ్మ. తల్లులు మూతులు విరుచుకుని, ఇద్దరు దుప్పి పిల్లల్ని లాక్కుపోయారు. వాళ్ళ స్థానంలో ముళ్ళపంది ఒకటి, తాబేలు ఒకటి చేరాయి. తాబేలు మొదటి రాయి దాకా పరుగెత్తేసరికి అందరూ ఓసారి ఆవలించేవాళ్ళు. అయినా ఆ జట్టు వరసగా గెలిచి, చివరి పోటీకి వచ్చింది.

ఆ రోజు అడవులన్నిటి పెద్దలూ వచ్చి కూర్చున్నారు. ఆట మొదలవబోతుంటే కోదండయ్య గబగబా వచ్చాడు.

"ఓబులమ్మా, చిన్న ఆటలప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఇవాళ పెద్దలంతా చూస్తున్నారు. నా పరువేం కావాలి? ఈ ఒక్క రోజుకి ఆ పిల్లని చెట్టు వెనక కూర్చోబెట్టు. అది లేకపోయినా గెలుస్తారు. పదో కప్పు నీదే!"

ఆ మాట నిజమే. మారెక్క లేకపోయినా వాళ్ళు గెలవగలరు. ఓబులమ్మకి ఆ సంగతి తెలుసు.

మారెక్క విననే విన్నది. కళ్ళనిండా నీళ్ళతో, "పోనీలే అత్తా, నేను కూర్చుంటాను" అంది.

"కూర్చోవు" అంది ఓబులమ్మ. కోదండయ్య వైపు తిరిగింది. "అయ్యా, ఇవాళ ఈ పిల్లని కూర్చోబెట్టమంటారు. రేపు ఈ ముళ్ళపందిని అంటారు. ఎల్లుండి నన్నంటారు. ఆడితే అందరం ఆడతాం. లేకపోతే ఆట లేదు."

"అయితే నీకు కొలువూ లేదు!" అని రంకె వేశాడు కోదండయ్య.

ఓబులమ్మ మెడలోని ఈల తీసి అతని కాళ్ళ ముందు పెట్టింది. అది చూసి కుందేలు చెంగి కర్ర కింద పడేసి, మైదానం మధ్యలో చతికిలబడింది. ముళ్ళపంది కూర్చుంది. తాబేలు కూర్చుంది. జట్టంతా కూర్చుంది. పెద్దలు అరిచారు, బెదిరించారు, బతిమాలారు. ఒక్కరూ లేవలేదు. చివరికి కప్పు ఎదుటి జట్టుకి, అంటే ఏటవతలి అడవి వాళ్ళకి, ఇచ్చేశారు. వాళ్ళ పంతులమ్మ ఎలుగుబంటి కాశెమ్మ తలొంచుకుని అందుకుంది.

ఓబులమ్మకి బాధ లేదా అంటే, ఉంది. పన్నెండేళ్ళు తన గోళ్ళతో చదును చేసుకున్న నేల అది. ఇంటికి పోతూ ఒక్కసారి ఆగి చూసింది. మర్నాడు మాత్రం, ఎండిపోయిన వాగులోకి దిగి నాలుగు రాళ్ళు పాతింది. తిట్లు తిని కొందరు, దొంగచాటుగా కొందరు, ఆరుగురు పిల్లలు వచ్చారు.

"బడి లేని జట్టుకి పోటీల్లో చోటు లేదు" అన్నారు పెద్దలు. రెండేళ్ళు వాళ్ళతో ఆడేవాళ్ళే లేరు. వాళ్ళలో వాళ్ళే ఆడుకున్నారు. ఇసుకలో పరుగెత్తి పరుగెత్తి వాళ్ళ కాళ్ళు ఉక్కుముక్కలయ్యాయి.

మూడో ఏడాది, ఏరు దాటి ఎలుగుబంటి కాశెమ్మ తన జట్టుతో వచ్చింది. చంకలో ఆ కప్పు ఉంది.

"ఆడకుండా తెచ్చుకున్నానమ్మా దీన్ని. ఇంట్లో పెట్టుకుంటే ముల్లులా గుచ్చుతోంది. పెద్దలు ఒప్పుకోకపోతే పోనీ, మనం ఆడదాం. గెలిచినవాళ్ళే తీసుకోవాలి" అంది.

ఆ కబురు అడవంతా పాకింది. వాగు గట్లు రెండూ నిండిపోయాయి. దుప్పి తల్లులు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. చివరికి ఓబులమ్మ జట్టు ఒక్క పరుగు ముందుంది. అవతలి జట్టులో ఇక ఒక్కతే మిగిలింది. అది మద్దిమానులాంటి అడవిపంది. మధ్య రాళ్ళ దగ్గర ఆగిన వాళ్ళ జట్టువాళ్ళు ఇద్దరు నాలుగో రాయికి పరుగెత్తడానికి కాచుకుని ఉన్నారు.

మారెక్క చెయ్యి తిప్పింది. మొదటి బంతికి పంది కర్ర గాలిలో ఊగింది. రెండో బంతికీ ఊగింది. మూడో బంతికి కర్ర చేతిలోంచి జారి ఇసుకలో పడింది.

"ఔట్!" అని అందరికంటే ముందు అరిచింది ఎవరో తెలుసా? కాశెమ్మే!

పది రోజులకి కోదండయ్య వచ్చాడు. ఈ మూడేళ్ళూ అతని బడి ఒక్క ఆటా గెలవలేదు.

"తిరిగి రా ఓబులమ్మా. పెద్ద మైదానం ఇస్తాను. బడిలో జట్లన్నిటికీ నువ్వే పెద్ద."

"బడిలో అందరికీ ఒకటే కుండ పెట్టండి. ఆ రోజే వస్తాను."

కోదండయ్య తల గోక్కున్నాడు. "అలాంటివి ఒక్కసారిగా అవుతాయా? మెల్లగా అవుతాయి."

"అయితే నేనూ మెల్లగానే వస్తాను" అంది ఓబులమ్మ. వెనక్కి తిరిగి, "ఏమే చెంగీ, ఎవర్ని చూస్తున్నావు? బంతి కేసి చూడు!" అని కేక పెట్టింది.

నీతి: ఒక్కరిని వెలివేస్తే దక్కే గెలుపు కన్నా, అందరితో కలిసి వదులుకున్న గెలుపే గొప్పది.